గాజు బట్టీ తీర్పు

బట్టలు కుట్టుకుని బతికే ఆ ఇల్లాలు ఒక సంచి గుండెకు హత్తుకుని వకీలమ్మ గుమ్మం ఎక్కింది. వకీలమ్మ ఏనాడూ వకీలు కాదు. తండ్రి వకీలు కాబట్టి వీధి వీధంతా ఆమెకు ఆ పేరు అంటగట్టింది. చేసేది ప్రైవేటు డిటెక్టివ్ పని. రిటైరయ్యాక ఆమె తెలివికి దాసోహమని వెంట తిరుగుతున్న డ్రాయింగు మాస్టారు, వచ్చినావిడకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

ఆవిడ భర్త గాజు బట్టీలో పనివాడు. తల పగిలి, స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నాడు. మాటా మాటా పెరిగి ఇనప గొట్టంతో తానే కొట్టానని బక్కోడనే తోటి పనివాడు ఒప్పుకున్నాడట. వీధి తగువులు తీర్చే పెద్దల కోర్టు అదే రోజు ఆగమేఘాల మీద కూర్చుని, క్షమాపణ చెప్పించి, కేసు ముగిసిందని తేల్చేసింది.

"తీర్పయిన కేసు మేం ముట్టుకోమని పోలీసులన్నారమ్మా. బక్కోడు మా ఇంట్లో అన్నం తిన్న మనిషి. వాడు కొట్టాడంటే నేను నమ్మను. ఇసుక దుమ్ముకి అందరికీ దగ్గులొస్తున్నాయి, మాస్కులు ఇప్పించకపోతే సర్కారుకి చెప్తానని మా ఆయన యజమానితో అన్నాడు. అన్న రెండ్రోజులకే ఇలా అయింది. ఇంక ఎవర్నీ అడగడానికే లేదా?"

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఆ ప్రాంతంలో ఉన్న రెండు కోర్టులకూ చట్టం వాటాలు పంచింది. పనివాళ్లూ ఇరుగుపొరుగువాళ్లూ కొట్టుకుంటే పెద్దల కోర్టు. యజమాని పనివాడి మీద చెయ్యి చేసుకున్నా, పనిలో ప్రమాదం జరిగినా సర్కారు కోర్టు. ఒక కోర్టు తీర్పు చెప్పిన మనిషిని అదే నేరానికి రెండో కోర్టు విచారించకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ స్పృహలో లేని మనిషి తరఫున రాజీకి తల ఊపింది ఎవరయ్యా అంటే, బట్టీ యజమాని. పనివాళ్లకు పెద్దదిక్కు ఆయనేనట! ఇంతకంటే సిగ్గుమాలినతనం ఉంటుందా అని మాస్టారు పళ్లు నూరుకున్నాడు.

దెబ్బ తగిలిన రోజు ఆవిడ భర్త వేసుకున్న బట్టలు వకీలమ్మ అడిగింది. ఆవిడ ఉతక్కుండా సంచిలో దాచింది. చొక్కా కాలరు మీద ఎండిన రక్తంలో పిండిలాంటి తెల్ల ఇసుక గడ్డకట్టి ఉంది. జుట్టులోనూ అదే ఉందని నర్సు చెప్పిందట.

మధ్యాహ్నం ఇద్దరూ బట్టీకి వెళ్లారు. గొడవ జరిగిందన్న చోట ఇటుకల నేల. నలక పడితే గాజు పాడవుతుందని మాటిమాటికీ ఊడుస్తారు. మాస్టారు ఇనప గొట్టం ఎత్తబోతే రెండు చేతులూ కావలసి వచ్చాయి. బక్కోడి కుడిచేతికి వేళ్ల దాకా కట్టుంది. గొడవకు చాలా ముందే కాలిందని మిగతా పనివాళ్లు చెప్పారు. అతను మాత్రం నేనే కొట్టానని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి తల దించుకున్నాడు.

యజమాని కుర్చీలు వేయించి మరీ మర్యాద చేశాడు. గాజు తయారీకి ఇసుక నిలవచేసే గది సంగతి ఎత్తేసరికి పొంగిపోయాడు.

"తాళంచెవి నా జేబులోంచి బయటికి రాదండి. పనివాళ్ల చేతికిస్తే బతికినట్టే. నేనే తీసి, దగ్గరుండి లోపలే కలిపిస్తాను. ఇసుక బయటికొచ్చేసరికి గాజు పెంకులు కలిపి, తడిపి ముద్ద చేసి ఉంటుంది. ఆ రోజైతే అసలు తాళమే తియ్యలేదు."

వకీలమ్మ నవ్వి ధన్యవాదాలు చెప్పింది. ఆ నవ్వు సంగతి మాస్టారికి బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆమె అందరినీ పెద్దల కోర్టు హాల్లోనే కూర్చోబెట్టింది. కోర్టు పెద్ద, యజమాని, బక్కోడు, కుట్టుపనావిడ, ఒక పోలీసు అధికారి. గొట్టం ఎత్తమని బక్కోడిని అడిగింది. అతను కట్టు చేత్తో పట్టుకోబోయి, నొప్పికి మెలికలు తిరిగి వదిలేశాడు.

"ఈ చేత్తో తల పగలగొట్టాడని నమ్మారు. ఎత్తి చూపించమని మీలో ఒక్కరైనా అడిగారా?"

"ఒప్పుకున్నాక అడిగేదేముందమ్మా?" అన్నాడు కోర్టు పెద్ద.

"అదే మీ పాపం," అంది వకీలమ్మ. తర్వాత ఒక్కొక్కటే విప్పి చెప్పింది. రక్తంలో గడ్డకట్టింది పెంకులు కలవని పొడి ఇసుక, అది గది బయట దొరకదు. అంటే దెబ్బ తగిలినప్పుడు అతను ఇసుక గదిలో ఉన్నాడు. ఆ గది తాళం యజమాని జేబు దాటదు. మాస్కుల సంగతి మాట్లాడదామని లోపలికి పిలిచి, వెనక నుంచి కొట్టి, బట్టీ దగ్గరికి చేర్పించాడు. ప్రమాదమంటే సర్కారు వస్తుంది. పనివాళ్ల తగువంటే రాదు.

యజమాని తాపీగా కాలు మీద కాలు వేసుకున్నాడు. "ఎవరు కొడితే ఏముంది? ఆ దెబ్బకి తీర్పు అయిపోయింది. ఇంక ఏ కోర్టూ ముట్టుకోకూడదు."

"చట్టం కాపాడేది దెబ్బని కాదు, తీర్పు పడిన మనిషిని. తీర్పు వీడి మీద పడింది. మీ మీద ఏ కోర్టూ ఇంతవరకూ తీర్పు చెప్పలేదు. మీ కేసు వినే హక్కు ఈ హాలుకి ఏనాడూ లేదు. ఆ సంగతి తెలిసే కదా వీణ్ణి నిలబెట్టారు?"

యజమాని కాలు దించాడు.

బక్కోడు కుట్టుపనావిడ ముందు కూలబడ్డాడు. "చెయ్యి పనికిరాదు, పన్లోంచి తీసేస్తానన్నాడక్కా. అరుపు విని వెళ్లాను. ఈయనా, ఎడంచేత్తో నేనూ పట్టుకుని బావని బట్టీ దగ్గరికి మోసుకొచ్చాం. ఊపిరుంది, ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాను. ముందు కోర్టు పని చూద్దామన్నాడు. సాయంత్రం దాకా నేల మీదే ఉంచాడు."

కుట్టుపనావిడ కొంగు నడుముకు బిగించింది.

"ఈ మాట సర్కారు కోర్టులో చెప్తావా?"

"చెప్తానక్కా. నన్ను జైల్లో వేసినా సరే."

"అయితే లే. ఏడవడం తర్వాత," అని ఆవిడ అతని భుజం పట్టుకుని లేపింది.