కుడివైపు ఎర్రలైటు

మోతగాడు డ్రమ్ములు బాదితే పక్కవీధిలో పాలు విరిగేవి. నమ్మకపోతే మానెయ్యండి, ఆ విరిగిన పాలు తాగినవాణ్ణి చెప్తున్నా. అలా బాదీ బాదీ వాడి కుడిచెవి కాస్తా చచ్చింది. మూడేళ్లయింది. బ్యాండులో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే మర్నాడే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు.

ఫోన్లో రికార్డు చేస్తే వాళ్ల పాట రేకుడబ్బాలో రాళ్లేసి ఊపినట్టుండేది. మంచి రికార్డర్ కొనుక్కు రమ్మని పోయిపోయి మోతగాణ్ణే పంపారు. కొట్టువాడు రెండు తీసి పెట్టాడు.

"ఇది విని సరిచూసుకోవాలన్నా. ఇదైతే చూస్తే చాలు. అటో మైకు, ఇటో మైకు, రెండు లైట్లు. ఏ పక్క మోత మితిమీరితే ఆ పక్క ఎర్రగా వెలుగుద్ది. వెలగడం మానేదాకా ఈ మీట తిప్పి మైకు తగ్గించుకో."

కళ్లతో వినే మిషను. బేరం కూడా ఆడలేదు మోతగాడు.

వాళ్లు వాయించేది నేలమాళిగలో. కిటికీ లేదు. మోత బయటికి పోకుండా గోడలకి పాత పరుపులు కొట్టారు. తలుపేస్తే చెమటా, తడిసిన దూదీ కలిసిన వాసన. మోతగాడు రికార్డర్ ఎదురుగా పెట్టుకుని, ఒంట్లో బలమంతా పెట్టి బాదుతూ, ఎర్రలైట్లు ఆరేదాకా మీట తిప్పి మైకులు తగ్గించాడు.

"ఇంక పిడుగు పడ్డా వెలగదు బావా," అన్నాడు గిటారు వాయించే బావమరిది.

పాట అయ్యింది. చివరి మోత పూర్తిగా అణిగేదాకా కదలకూడదని వాళ్ల కట్టడి. నలుగురూ ఊపిరి బిగబట్టారు.

ఎడమ లైటు ఎర్రగా వెలిగింది.

లైటు వెలిగిందంటే మోత ఉన్నట్టే, అనుకున్నాడు మోతగాడు. గదిలో పిడుగంత మోత. తనకే వినపడట్లేదు. అంటే రెండో చెవి కూడా...

దొరికిపోకూడదని గదమాయించాడు. "ఎవర్రా ఆ గోల? ఆపండి."

బావమరిది మొహం పాలిపోయింది.

"ఏ గోల బావా... చీమ చిటుక్కుమన్లేదు."

అప్పుడు చూశారు అందరూ. రెండు లైట్లూ ఎర్రగా... తర్వాత ఎడమది ఆరింది. కుడిదొక్కటే.

ఏదో అటునుంచి ఇటు నడిచొచ్చింది. గొంతు చించుకుని అరుస్తూ.

"మిషను ఆపెయ్ బావా..." గుసగుసగా.

చెయ్యి చాపేలోగా కుడి లైటూ ఆరింది. హమ్మయ్య అనుకున్నారు.

మోతగాడి కుడిచెవికి వెచ్చటి ఊపిరి తగిలింది.

మూడేళ్లుగా చచ్చిన చెవి. ఆరోజునుంచి వినపడుతోంది. మన మాటలు కాదు. పాట ఎత్తుకునే ముందు నాలుగుదాకా లెక్కపెడతారే, అలా ఎవరో లెక్కపెడుతున్నారు... ఒకటి... రెండు... మూడు...

నాలుగు మాత్రం ఇంతవరకూ అనలేదు.