అయిదు తీగల ఘోష

2081లో విశాఖలో అపస్వరం వినిపించేది కాదు. ప్రతి సభామందిరంలోనూ గోడలోపల ‘శ్రుతిపాలిని’ ఉండేది. మందిరపు ప్లగ్గుల్లో ఏ పరికరాన్ని గుచ్చినా అందులోని చిప్‌ను ఈ యంత్రం తన అధీనంలోకి తెచ్చుకుని, గాడి తప్పిన స్వరాన్ని శ్రోతల చెవికి చేరకముందే దిద్దేస్తుంది. ప్లగ్గు అక్కర్లేకుండా చేసే బ్యాటరీలను గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు. యంత్రాన్ని తప్పించుకుంటూ దొరికితే లైసెన్స్ చింపేసి జీవితకాలం వాయించనివ్వరు.

ఎస్తేరుకు యాభై రెండేళ్లు. రేవు మూతపడిన రోజున తను కట్టిన గిటార్ పాటను ఆమె ఒక్కసారైనా సభలో వాయించలేదు. దాని మధ్యలో ఒకచోట గిటార్ శ్రుతి విడిచి ఘోషించాలి. ఆ ఘోషను శ్రుతిపాలిని నున్నగా చేసేస్తుంది.

ఆమె దగ్గర పాత వాల్వ్ యాంప్లిఫయర్ ఉంది. అందులో చిప్ లేదు కనుక యంత్రం దాన్ని ఏమీ చేయలేదు. కానీ చేతులు తీగలమీద ఉండగా ఘోషను రప్పించేది కాలికింద ఉండే ఫుట్ కంట్రోలర్. దానిలో చిప్ ఉంది, దానికి కరెంటు కావాలి. ప్లగ్గులో పెడితే దొరికిపోతుంది.

ఎస్తేరు యాంప్లిఫయర్ విప్పి మూడు వారాలు దానితో కుస్తీపట్టింది. వాల్వులను వేడిచేసే వైండింగు అనే తీగచుట్ట నుంచి కాస్త కరెంటు మళ్లించి, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్, ఒక రెగ్యులేటర్‌తో నిలకడైన అయిదు వోల్టులు రాబట్టింది. యాంప్లిఫయర్‌ను, కంట్రోలర్‌ను కలిపే కేబుల్లో అయిదు తీగలుంటే సంకేతాలకు మూడే చాలు. ఖాళీగా ఉన్న రెండింటిగుండా ఆ కరెంటును కాలిదాకా పంపింది.

ఆదివారం సాయంత్రం నిండు సభలో ఆమె కంట్రోలర్‌ను తొక్కింది. గిటార్ గొంతు చించుకుని అరిచింది. ముందు వరుసలో ఒకావిడ చెవులు మూసుకుంది.

పాట ముగియగానే మందిరం నిర్వాహకుడు పైడిరాజు తెర పక్కకు పరుగెత్తుకొచ్చాడు.

“ఏటి సేసినావమ్మా?”

ఎస్తేరు కేబుల్ ఎత్తి చూపించింది. “మీ గోడని అడగకుండా కరెంటు తెచ్చుకున్నా. నా లైసెన్స్ చింపేసుకోండి.”

ఆయన ఆ కేబుల్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “ఇంత కష్టం అక్కర్నేదమ్మా. తొమ్మిదేళ్ల కిందట పిడుగు పడినప్పుడే ఆ మిషను కాలిపోనాది. ఎవులూ కనిపెట్టనేదు. నానూ సెప్పనేదు.”

“మరి ఇన్నేళ్లూ మమ్మల్ని దిద్దిందెవరు?”

“మీకు మీరే. తప్పు వాయించడానికి ఒక్కలికీ గుండె సాలనేదు.”

ఎస్తేరుకు కోపం ముంచుకొచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. తానూ ఆ తొమ్మిదేళ్లూ ఇదే వేదికమీద బుద్ధిగా వాయించింది. ఆమె మైకు వైపు కదిలింది.

“సెప్పకమ్మా, నా ఉజ్జోగం పోద్ది!”

“పోనీండి. నా తొమ్మిదేళ్లు పోలేదా?”

యంత్రం చచ్చిపోయిందని, ఇక్కడ ఎవరినీ ఎవరూ దిద్దడం లేదని సభకు చెప్పేసింది. మూడో వరుసలో ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. చప్పట్లు కొడతాడనుకుంది.

“మరి దాన్ని ఎప్పుడు బాగుచేయిస్తారు?” అని ఆందోళనగా అడిగాడు. చుట్టూ ఉన్న తలలన్నీ అవునన్నట్టు ఊగాయి.

ఎస్తేరు యాంప్లిఫయర్ శబ్దాన్ని చివరికంటా పెంచి పాట మళ్లీ ఎత్తుకుంది. ఈసారి ఘోష మధ్యలో రాలేదు, మొదటి స్వరంతోనే మొదలైంది.