సంచిలో బీరు మూతలు

తెల్లారి వాకిలి ఊడ్చాక, కాలేజీకెళ్ళిన కోడలు ఇంట్లో వదిలిన సంచి ఉతుకుదామని తలకిందులు చేసింది న్యకయిరా. గలగలమంటూ బీరు సీసా మూతలు రాలాయి. ఒకటా రెండా, దోసెడు! ఆవిడ రుంఫీ ఊరి చర్చి మహిళా సంఘానికి పెద్ద, బీరు పేరెత్తితేనే మండిపడుతుంది.

"చూశావట్రా నీ పెళ్ళాం నిర్వాకం!" అంది, సైకిలుకి గాలి కొడుతున్న కొడుకు వొంగనితో. "టీచర్ ట్రైనింగని చెప్పి, మగాళ్ళతో కూర్చుని తాగుతోంది."

"తెంవా అలాంటిది కాదమ్మా."

"సంచిలో ఏముందే అంటే నిన్న మాట దాటేసింది. ఎందుకట? ఇవాళ నేనే వెళ్ళి చూస్తా. నిజమైతే ఆ చదువు మాన్పించెయ్. మాటివ్వు!"

వొంగని మూతలకేసి చూశాడు. "సరే" అన్నాడు. అతని మనసులోనూ పురుగు తొలిచింది.

ట్రైనింగ్ కాలేజీ కిటికీలోంచి తొంగిచూసిందావిడ. గడ్డాలొచ్చిన మగాళ్ళు నేలమీద బాసింపట్లు వేసుక్కూర్చున్నారు. ఒకడు తెంవా నడుముకి చుట్టుకున్న బట్ట అంచు పట్టి లాగుతూ, "ఆకలేస్తోంది, ఇంటికెళ్దాం" అని గారాలు పోతున్నాడు. తెంవా వాడి తల నిమిరింది!

న్యకయిరా తలుపు తోసుకుని దూసుకెళ్ళింది. "సిగ్గులేదుటే! ఇదా నీ చదువు?"

వెనక కూర్చుని మార్కులు వేస్తున్న మేడం తలెత్తింది. తెంవా అత్త వైపు తిరిగింది. ఇంట్లో అయితే అత్త ఎదుట మోకరిల్లకుండా మాట్లాడదు. ఇప్పుడూ మోకాళ్ళు వంగబోయాయి, అతికష్టం మీద నిలబడింది.

"పిల్లలూ, బామ్మగారొచ్చారు. లేచి పలకరించండి."

"బాగున్నారా బామ్మా!" అన్నారు గడ్డాలవాళ్ళంతా ముద్దుముద్దుగా. బట్ట లాగినవాడు ముక్కు తుడుచుకున్నాడు. "ఇవాళ మేం ఒకటో క్లాసు పిల్లలం బామ్మా. రేపు నేను టీచర్ని, తను ఏడుపుగొట్టు పిల్ల."

వాళ్ళ ముందు చిన్నచిన్న కుప్పలుగా బీరు మూతలు. కూడికలు!

"పల్లెబడుల్లో లెక్కలకి ఇవే ఆధారం అత్తా" అంది తెంవా. "బీరు మూతలంటే మీరు గడప తొక్కనివ్వరని దాచాను."

న్యకయిరా కళ్ళనిండా నీళ్ళు. "నా పాడు నోరు నీ మార్కులు పోగొట్టిందేమోనే తల్లీ!"

"లేదమ్మా" అని నవ్వింది మేడం. "క్లాసులో గోలని ఎలా అణచాలో మీవల్లే చూపించింది."

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ వొంగని బారు వెనక ఆగిపోయాడు. మహిళా సంఘం తెల్ల దుస్తుల్లో, నడుం వంచి నేలమీద ఏదో ఏరుతూ, అమ్మ!

"అమ్మా! చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"అనుకోనీరా, నేననుకోలేదూ!" అంది న్యకయిరా, బీరు మూత మీది మట్టి ఆ తెల్ల బట్టకే తుడుస్తూ. "నువ్వా మూల వెతుకు."