పక్కనుంచి పడిన వెలుగు

సూరత్‌లో లింబాయత్ పేట దాటాక, సాంచెల — మరమగ్గాల — కార్ఖానాలు ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని నిలిచిన ఒక గల్లీ ఉంది. ఆ గల్లీలో, చీకటి పడితే పరమేశ్వర్ శేటు పాత కార్ఖానా ముందు నుంచి ఎవరూ నడిచేవారు కారట. చుట్టుదారిన పోయేవారు. తప్పనిసరై అటు వచ్చిన రాత్రిపాళీ మగవాళ్లు సైతం బీడీ ఆర్పేసి, తల వంచుకుని, అవతలి గోడ పట్టుకుని దాటేవారు.

కారణం ఒక చప్పుడు.

ఠంగ్…

కాసేపాగి మళ్లీ — ఠంగ్…

మూతబడ్డ కార్ఖానా లోపల, వెనకవైపు ఇనుపరేకు తలుపు మీద ఎవరో కొడుతున్నట్టు. చుట్టూ సాంచెలు మోగుతున్నంతసేపూ అది వినిపించేది కాదు. కరెంటు పోయిన రాత్రుల్లో మాత్రం గల్లీ చివరిదాకా వినిపించేది. “తొంభైనాలుగుల ప్లేగొచ్చినప్పుడు పోయినోళ్లు… ఇంక ఇండ్లకు చేరలే” అని ఆడవాళ్లు గుసగుసలాడుకునేవారు.

ఉమాకాంత్ మాత్రం నవ్వేవాడు. ఆయన మున్సిపాలిటీ తెలుగు బడిలో ఉపాధ్యాయుడు, చరిత్ర పిచ్చివాడు. ఆధారం చూపందే సొంత తాత పేరు కూడా ఒప్పుకోడని తోటివారి వేళాకోళం. “పగలంతా ఎండకు కాగిన రేకు రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునే చప్పుడే అది. దయ్యమూ లేదు, భూతమూ లేదు” అని ఆయన గల్లీకంతటికీ పాఠం చెప్పినట్టు చెప్పాడు.

జనం తలూపారు. తలూపి, చుట్టుదారినే పోయారు.

దయ్యం పేరు పడ్డ కార్ఖానాను కొనే నాథుడు లేడు. అమ్ముడుపోనిదాన్ని దానం చేయడంలో ఉన్న పుణ్యం శేటుకు తెలుసు. ఒకప్పుడు ఆయన కూడా కరీంనగర్ వైపు పల్లె నుంచి వట్టి చేతులతో వచ్చి ఇదే గల్లీలో సాంచె నడిపినవాడే. కార్ఖానాను నేతవారి సంఘానికి ఇచ్చి, పూలదండ వేయించుకున్నాడు. సంఘం దాన్ని ఆడిటోరియం చేసింది. వీధివైపు కొత్త ద్వారం తెరిచారు. పాత రేకుతలుపును చుట్టూ వెల్డింగు చేయించి, తెల్లరంగు పూయించి, దాని ముందున్న పాత అరుగునే వేదిక చేశారు. ఆ తలుపే తెర; తెర ఖర్చు కలిసివచ్చింది.

ఇక కావలసింది ప్రొజెక్టరు. దాన్ని ఎంచే బాధ్యత ఉమాకాంత్ మీద పెట్టారు. “మంచి మిషన్ జూడు సారూ. హాలు పక్కరూము నీ గ్రంథాలయానికే ఇస్త” అన్నాడు శేటు. అద్దెగదిలో, మంచం కింద అట్టపెట్టెల్లో, చెదలకు ఆహారమవుతున్న తన పుస్తకాలు ఉమాకాంత్ కళ్లముందు వరుసగా నిలబడ్డాయి.

ప్లేగు వచ్చి పోయిన తర్వాత అది మూడో వేసవి.

హాలు ఊడ్చే పని కొమురవ్వది. ఆమె భర్త అంబదాస్ ఆ కార్ఖానాలోనే సాంచె నడిపేవాడు. ప్లేగు వార్త గుప్పుమని సూరత్ సూరత్ అంతా రైళ్ల కప్పుల మీదికెక్కి పారిపోయిన వారంలో ఆమె చెల్లెలి పెళ్లికని పుట్టింటి ఊళ్లో ఉంది. అందరూ ఊరు చేరారు. అంబదాస్ చేరలేదు. “అందరు ఉరికిండ్రు, వాడు సుత ఉరికిండు. నాకేమెరుక?” అన్నాడు శేటు. బొంబాయి దగ్గర భివండిలో ఎవరినో కట్టుకున్నాడని అత్తింటివారు అన్నారు. అప్పటినుంచి కొమురవ్వ నుదుట బొట్టు ఉంది, చేతుల నిండా పచ్చగాజులు ఉన్నాయి… కానీ ముత్తైదువని పేరంటానికి పిలిచే ఇల్లు లేదు, విధవరాలని ఓదార్చే గడప లేదు.

ఆమె ఉమాకాంత్‌ను కనిపించినప్పుడల్లా అడిగేది. “సారూ, వెయ్యేండ్ల కింద సచ్చిన రాజు యాడ సచ్చిండో సుత మీ పుస్తకాలల్ల ఉంటదట గదా. మూడేండ్ల కింద కనవడకుంట పోయినోని సంగతి ఎవ్వలు రాయలేరా?”

ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పైకప్పులో అక్కడక్కడా అద్దాలుండటంతో పగటివేళ హాలు చీకటి కాదు. అందుకే యంత్రాలను రాత్రి పరీక్షించాలనుకున్నారు. ఉమాకాంత్, శేటు, యంత్రాలు తెచ్చినవాళ్లు, మూలన చీపురుతో కొమురవ్వ — అంతే.

మొదటిది వీడియో ప్రొజెక్టరు. పైకప్పుకు వేలాడదీయవలసిన యంత్రం. ఆ రాత్రికి హాలు నడుమ బల్ల మీద, తెరకు ఎదురుగా పెట్టారు. రంగులు కొంచెం పలచన. కానీ బొమ్మ కదలకుండా నిలిచింది. తెల్లతలుపు మీద గీత లేదు, మరక లేదు. “మస్తుగున్నది” అన్నాడు శేటు.

రెండోది మూతబడిన టూరింగు టాకీసు నుంచి తెచ్చిన రీళ్ల ప్రొజెక్టరు. దాని తీగ పొట్టిది. ప్లగ్గు ఉన్నది వేదిక పక్కగోడకు. బల్లను అక్కడికే, తలుపు అంచుకు దగ్గరగా ఈడ్చారు.

“రీలు తర్వాత. ముందు దీపం చూద్దాం” అన్నాడు ఉమాకాంత్.

దీపం వెలిగింది. వెలుగు తెల్లతలుపు మీద ఏటవాలుగా, రాసుకుంటూ పడింది…

కొమురవ్వ చేతిలోని చీపురు జారిపోయింది.

తలుపు ఇప్పుడు తెల్లగా లేదు. దాని నిండా నల్లని చుక్కలు — ఒక్కొక్కటీ చిన్న గుంట, ఒక్కొక్కదానిలో నెలవంకలాంటి నీడ. మనిషి రొమ్మెత్తులో అవి కిక్కిరిసి ఉన్నాయి. నడుమెత్తుకు వచ్చేసరికి పలచబడ్డాయి. మోకాలెత్తులో అక్కడొకటి, ఇక్కడొకటి… నేలకు జానెడు ఎత్తున చివరివి. ఎంత లోతులేనివంటే, నీడ కూడా వాటిలో సరిగా నిలవలేదు.

“దయ్యం…” శేటు గొంతు చీలింది. “బంద్ జెయ్! బంద్ జెయ్ దాన్ని!”

ఉమాకాంత్ భయపడలేదు. ఆయనకు ఆ వెలుగు పరిచయమే. అరిగిన శాసనాన్ని పట్టపగలు చదవలేం. రాత్రివేళ దీపం పక్కనుంచి పట్టుకుంటే రాతిలో మునిగిన అక్షరాలు లేచి కూర్చుంటాయి.

“దయ్యం కాదు శేటూ. రేకులో నొక్కులు. ఎదురువెలుగులో కనపడవు, పక్కవెలుగులో నీడపడి బయటపడతాయి. అంతే” అన్నాడు, కాస్త గర్వంగానే.

అన్నాక, తాను అన్నది తనకే వినిపించింది.

కొమురవ్వ వేదిక ఎక్కింది. ఒక గుంటలో చూపుడువేలి కొన పెట్టింది. సరిగ్గా ఇమిడింది.

“నాడె మొన…” అంది, ఊపిరితో.

పోగును అటూ ఇటూ మోసే చెక్కనాడెకు రెండు కొసలా ఇనుపమొనలుంటాయి. సాంచెల ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు. మూసిన కార్ఖానాలో మనిషి చేతికి అందే గట్టి వస్తువు అదే.

“సారూ… గివి లోపల్నుంచి కొట్టినయే గదా?”

ప్రొజెక్టరు పంకా ఒక్కటే రొద పెడుతోంది.

“పాత తలుపు… ఎవలెవలో గుద్దిండ్రు” అన్నాడు శేటు. తర్వాత, ఎవరూ అడగకుండానే — “తాళమేసేటప్పుడు పిలిసిన. రెండుమార్లు పిలిసిన. ఎవ్వలు పలుకలె.”

తాళం మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

ఉమాకాంత్‌కు ఆ వారం కళ్లకు కట్టింది. రాత్రిపాళీ దిగి, మూలన అద్దకానికి పోని గ్రే బట్ట కుప్పల మధ్య ఒళ్లు తెలియకుండా నిద్రపోయిన మనిషి. బయట తాళం. అందనంత ఎత్తున గాలిరంధ్రాలు. పక్కవాడి మాట చెవిలో అరిస్తే తప్ప వినపడని ఆ గల్లీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిశ్శబ్దమైంది. ఆ రోజుల్లో రేకు మీద ఒక్క దెబ్బ కొడితే నాలుగు వీధుల అవతలికి వినిపించేది.

నాలుగు వీధుల్లోనూ మనిషి లేడు.

తిరిగొచ్చి తాళం తీసినవాడికి ఏం కనిపించిందో, దాన్ని ఏ అనాథశవాల బండి మీదికి ఎక్కించాడో, తెలిసినవాడు ఒక్కడే. వాడు ఇప్పుడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

“జెప్పుండ్రి సారూ” అంది కొమురవ్వ. “ఒక్క మాట. ఉన్నడా… లేడా? మీరంటె ఊరంత నమ్ముతది.”

శేటు చూపు ఉమాకాంత్ మీద ఉంది. పక్కగది తలుపు వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

ఉమాకాంత్ కూడా అటే చూశాడు.

“నొక్కులు నొక్కులే కొమురవ్వా. ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో వీటిని బట్టి నిర్ధారించలేం. ఆధారం కావాలి.”

అక్షరం అబద్ధం లేదు. చరిత్ర చదివినవాడు అంతకుమించి అనకూడదు కూడా.

కొమురవ్వ వంగి చీపురు తీసుకుంది.

“మీకంటె దయ్యం నయం సారూ. అది దినాం జెప్తనే ఉన్నది.”

సంఘం సమావేశంలో ఉమాకాంత్ తన అభిప్రాయం చెప్పాడు. “ఈ తెరకు పైనుంచి, ఎదురుగా పడే వెలుగే తగినది. వీడియో ప్రొజెక్టరు మేలు.” అందులోనూ అబద్ధం లేదు. రీళ్ల యంత్రం వచ్చిన దారినే వెళ్లింది. పక్కగది తాళంచెవి ఉమాకాంత్ జేబులో చేరింది.

శ్రావణ పౌర్ణమి నాటి రాత్రి ప్రారంభోత్సవం. కొత్త జంధ్యాల మగవాళ్లు, పట్టుచీరల ఆడవాళ్లు, వేదిక ముందు చాపల మీద పిల్లలు. బయట ఎడతెగని ముసురు. ముందువరుసలో శేటు మెడలో దండ, పక్కన ఉమాకాంత్. చివరి వరుస వెనక, గోడకానుకుని కొమురవ్వ. తెల్లతలుపు మీద దేవుడి సినిమా మొదలైంది. బొమ్మ చక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

సగంలో కరెంటు పోయింది.

ముందు తెర ఆరింది. తర్వాత పంకాలు. ఆ తర్వాత గల్లీలోని సాంచెలన్నీ, ఊపిరి తెగినట్టు, ఒక్కసారే…

ఠంగ్…

రొమ్మెత్తు నుంచి.

ఠంగ్…

నడుమెత్తు నుంచి.

ఠంగ్… ఈసారి నేలకు దగ్గరగా. నీరసంగా.

ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. చీకట్లో శేటు వేళ్లు ఉమాకాంత్ మణికట్టును పట్టుకున్నాయి. చల్లగా, తడిగా ఉన్నాయి. “సారూ… జెప్పు. అందరికి జెప్పు…”

ఉమాకాంత్ లేచి నిలబడ్డాడు.

“భయపడకండి. ఎండకు కాగిన రేకు చల్లబడుతోంది. ఆ చప్పుడే… అంతే.”

వెనకనుంచి కొమురవ్వ గొంతు వచ్చింది. నెమ్మదిగా, ఏదో గుర్తు చేస్తున్నట్టు.

“వారం సంది ముసురే సారూ… ఎండ యాడిది?”

ఉమాకాంత్ తిరిగి కూర్చున్నాడు.

ఉత్తకాళ్ల అడుగులు. వెనకనుంచి ముందుకు, జనం మధ్యగా… వేదిక మెట్ల మీదుగా… ఆగాయి.

ఇనుము మీద మళ్లీ చప్పుడైంది. కానీ ఇది కొట్టిన చప్పుడు కాదు. గాజు పగిలిన చప్పుడు. ముందు ఒక చేయి. తర్వాత రెండో చేయి.

ఆపైన తలుపు మోగలేదు.

కరెంటు వచ్చేసరికి గల్లీ అంతా మళ్లీ సాంచెల మోత. వేదిక మీద, తెల్లతలుపు కింద, పచ్చగాజు ముక్కల మధ్య కొమురవ్వ కూర్చుని ఉంది, కొంగుతో నుదురు తుడుచుకుంటూ. ఆమెను లేపడానికి ఎవరూ వెళ్లలేదు. యంత్రం నడిపేవాడు ఏం చేయాలో తోచక క్యాసెట్టు మళ్లీ ఆడించాడు.

వెలుగు పైనుంచి, ఎదురుగా, ఆమె మీదా తలుపు మీదా పడింది.

ఉమాకాంత్ ఎంపికలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బొమ్మ ఎక్కడా మచ్చ లేకుండా వస్తోంది.