మూడో చల్లగదిలో తెల్లని వేళ్లు

స్వీడన్‌లో మా ఉప్సాలా ప్రయోగశాల నేలమాళిగలో మూడో చల్లగదికి చెడ్డపేరుంది. నాలుగేళ్ల కిందట పోయిన గున్వోర్ ఇంకా ఆ అరల మధ్యే తిరుగుతోందని, మా పరిశోధకుడు టోర్కెల్ ప్రోటీన్‌ను చెడగొడుతున్నది ఆవిడేనని చదువుకున్నవాళ్లే గుసగుసలాడుకుంటారు. నేను ముప్పై ఏళ్లుగా ఇక్కడ సీసాలు కడుగుతున్నాను. దెయ్యాన్ని చూడలేదు గానీ, బద్ధకస్తుల్ని మాత్రం చాలామందిని చూశాను.

గున్వోర్ ద్రావణాలు కలిపే మనిషి. ముడుచుకున్న ప్రోటీన్‌ను విప్పాలంటే యూరియాను నీళ్లలో బాగా చిక్కగా కలపాలి. "ఏ రోజు యూరియా ఆ రోజే. మిగిలింది పారబొయ్యి. పాతదాన్ని వేడి చేశావో, అందులో వేసిన ప్రోటీనే చెడుతుంది" అని అందరికీ చెప్పేది. టోర్కెల్‌కి అది నవ్వులాట. "ముసల్దాని మడి" అనేవాడు.

ఈ చలికాలం టోర్కెల్ ప్రోటీన్ మూడుసార్లు పాడైంది. తప్పు తనదంటాడా? "యిల్వా చెయ్యి మంచిది కాదు" అని మా పెద్ద రాగ్నిల్డ్‌కి చెప్పాడు. యిల్వా అతని సహాయకురాలు, ఇద్దరు పిల్లల తల్లి. నాలుగోసారీ పాడైతే శుక్రవారంతో ఆమె ఉద్యోగం సరి.

గురువారం మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోయింది. అందరూ పైన కాఫీకి వెళ్లారు. టోర్కెల్ ఒక్కడే యూరియా కోసం కిందికి దిగాడు. తర్వాత జరిగింది వాడి నోటే విన్నాను...

తలుపు మూసుకుంది. ఆ గదిలో మనిషి కదిలితేనే దీపం వెలుగుతుంది. వాడు కదలకుండా నిలబడి సీసాల మీది చీటీలు చదువుతుంటే — ఆరిపోయింది.

పైన ఫ్యాను గుర్రుమంటోంది. చెయ్యి చాచి తడిమాడు. సీసా దొరికింది... దాని మెడ దగ్గర ఇంకేదో తగిలింది. చల్లగా — గరుగ్గా — సన్నగా...

దీపం వెలిగింది.

సీసా మూతిని పట్టుకుని నాలుగు తెల్లని వేళ్లు!

"గున్వోర్!" అన్న కేక పక్కన సీసాలు కడిగే గదిలో ఉన్న నాకు వినబడింది. వెళ్లేసరికి గడప బయట కూలబడి ఉన్నాడు.

"లోపల... ఉంది..."

"లే! బతికుండగానే నీ ముఖం చూడటానికి ఇష్టపడని మనిషి, చచ్చాక వస్తుందా?"

సీసా నేనే తీశాను. యూరియా చలికి పేరుకుని, మూత సందులోంచి పైకి పాకి, పలుకులుగా ఎండింది. అవే వేళ్లు. చీటీ మీద తారీఖు చూశాను — ఆరు వారాల కిందటిది. దాని కింద టోర్కెల్ సంతకం.

"పేరుకుంటే ఏం చేస్తున్నావు?"

"వేడినీళ్లలో పెట్టి... కరిగించి వాడుతున్నా. రోజూ ఎవడు కలుపుతాడు?"

"మూడుసార్లూ ఇదేనా?"

అవునని తలూపాడు.

అరగంట పనికి ఒళ్లొంగక ఒక తల్లి తిండి తియ్యబోయాడు. ఇంత చదువు ఎందుకు, తగలెయ్యడానికా?

కాఫీ బల్ల దగ్గరికి ఇలాంటివి తేకూడదు. గుమ్మంలోనే నిలబడి సీసా ఎత్తి చూపించి, వాడు ఒప్పుకున్నది చెప్పాను. రాగ్నిల్డ్ లేచి వచ్చి, చీటీ రెండుసార్లు చదివింది.

"సోమవారం నుంచి యూరియా నువ్వే కలుపు, యిల్వా" అంది.

నా వెనకే వచ్చిన టోర్కెల్ అప్పటికీ బుకాయింపు మానలేదు. "ఆ గదిలో నిజంగానే దెయ్యం ఉంది, రాగ్నిల్డ్! ప్రోటీన్ పాడుచేసేది అదే!"

యిల్వా కప్పు కింద పెట్టి, చీటీ కేసి వేలు చూపించింది.

"ఉంది, టోర్కెల్. సంతకం కూడా పెట్టింది."