చావని చీటీ

జపానులోని కనజావాలో నవంబరు అంటే ఎడతెగని వాన. మా ప్రయోగశాల కిటికీలోంచి చూస్తే కప్పల షెడ్డు రేకుల మీద నీళ్ళు జారుతూ ఉండేవి. ఆ షెడ్డు చూసుకునేది త్సురుమి గారు. అరవై దాటిన మనిషి. నా కత్తి కిందికి వచ్చిన ప్రతి కప్పా అంతకుముందు ఆవిడ చేతి తిండి తిన్నదే.

నా పని మగకప్పల కాలేయంతో. మగకప్పకు గుడ్డుసొనతో ఏం పని? కానీ ఆడ హార్మోను ఒక్క సూది ఇస్తే చాలు, దాని కాలేయ కణాలు ఎన్నడూ తెరవని జన్యువును తెరిచి, సొన తయారుచేయమని చీటీలు రాయడం మొదలుపెడతాయి. మెసెంజర్ ఆర్ఎన్ఏ అనేది ఆ చీటీలనే. హార్మోను ఉన్నన్నాళ్ళూ అవి వారాల తరబడి చెక్కుచెదరవు. హార్మోను కడిగేస్తే పదహారు గంటల్లో సగం మాయం. వారానికల్లా ఏమీ మిగలకూడదు. అది చూపిస్తేనే మార్చి తర్వాత నాకు ఉద్యోగం. ప్రొఫెసర్ ఓజికి గారు ఆ మాట మెత్తగానే చెప్పారు. అయినా నాకు భయం పట్టుకుంది.

కాలేయాన్ని సన్నటి ముక్కలుగా కోసి, గాజు పళ్ళేల్లో పోషక ద్రవం పోసి బతికించి, హార్మోను కడిగేశాను. రోజుకో ముక్క తీసి దాచాను. ఏడో రోజు స్మారక దినం వచ్చిపడింది.

ఏటా ఆ రోజున అందరూ ఆవరణలోని స్మారక శిల దగ్గర చేరి, మా చేతుల్లో చచ్చిన జంతువుల కోసం చేమంతులు పెట్టి తలవంచుతారు. ఆ రోజు దేన్నీ కోయరు. త్సురుమి గారు నల్లబట్టలు వేసుకుని నన్ను పిలవడానికి వచ్చారు. ముక్క తీసే సమయం దాటిపోతుందని నాకు చిరాకు.

"నా కప్ప ఇంకా చావలేదండీ. దాని కాలేయం పళ్ళెంలో పనిచేస్తూనే ఉంది. బతికున్నదానికి పువ్వులేమిటి?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "చచ్చిపోయావని దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా, మకాబే గారూ," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

పోల్చి చూడడానికి హార్మోను తగలని కాలేయం ఒకటి కావాలి. ఆ రోజు కోతలు లేవు, మర్నాటిదాకా ఆగే ఓపిక నాకు లేదు. వేలు పొడుచుకుని నా రక్తమే తీశాను. మనిషి ఒంట్లో ఆ చీటీ రాసే జన్యువే పనిచేయదు. అంతకన్నా మంచి ఖాళీ నమూనా ఏముంటుందని నా తెలివికి నేనే మురిసిపోయాను. కాలేయానివి ఏడు చుక్కలు, ఎనిమిదోది నాది. అన్నీ ఒకే కాగితం మీద వరసగా పెట్టి, ఆ చీటీకి మాత్రమే అంటుకునే రేడియోధార్మిక పదార్థంతో తడిపి, ఫిల్ముకు అదిమిపెట్టాను. చీటీ ఉన్నచోట ఫిల్ము నల్లబడుతుంది.

మూడు రోజుల తర్వాత, భోజనాల వేళ, చీకటిగదిలోకి వెళ్ళాను. ఎర్రదీపం. రసాయనాల పుల్లటి వాసన. దాని అడుగున ఇంకేదో... నాచు పట్టిన నీళ్ళ వాసన. ఆ గదిలో ఎప్పుడూ లేనిది.

ఫిల్మును ట్రేలో ఊపాను. మొదటి చుక్క తేలింది. నల్లగా. రెండోది వెలిసిపోయి ఉంటుందనుకున్నాను. వెలిసిపోలేదు. మూడు... నాలుగు... ఏడోదీ అంతే నల్లగా ఉంది. ఆ చీటీ చావలేదు. నా ఉద్యోగం పోయినట్టే. అది దిగమింగుకునేలోపే ఎనిమిదో చోట ఏదో మసకగా కనిపించింది.

కళ్ళు నులుముకున్నాను. అది ముదురుతోంది... ఇంకా... ఇంకా. అన్నిటికన్నా నల్లగా.

చెయ్యి తప్పి ఒకదాన్లో ఒకటి కలిసి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి వెళ్ళిపోయాను. ఉద్యోగం సంగతి మరిచిపోయాను. ఆ చీటీ నా ఒంట్లో ఉంటే అది చావాలి, అంతే. తెల్లారాక వచ్చి, కొత్త సూదితో మళ్ళీ రక్తం తీసి యంత్రంలో తిప్పాను. పైన తేరుకున్న నీరు పలచగా, తేటగా ఉండాలి. చిక్కగా ఉంది. గుడ్డుసొనలా పచ్చగా. 

త్సురుమి గారు బకెట్టుతో లోపలికి వచ్చారు. స్టాండులోని గొట్టాన్ని తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళుగా కప్పల రక్తం చూస్తున్న కళ్ళు అవి.

"ఇది ఏ తొట్టిలోది?" అని అడిగారు.

నేను సూది గుచ్చిన వేలిని గుప్పిట్లో దాచుకున్నాను. ఆవిడ గొట్టాన్ని అటూ ఇటూ వంచి చూశారు.

"ఆడదే," అన్నారు, గొంతు తగ్గించి. "నిండుగా ఉంది. వారంలో గుడ్లు పెడుతుంది. ఇవాళే విడిగా నీళ్ళలోకి మార్చేయండి, పాపం."

ఆ పొద్దున లేచింది మొదలు నాకు నీళ్ళలోకి దిగాలనే ఉంది.