పసుపు పెట్టిన మూడో క్లాసు పుస్తకాలు

పెళ్లిచూపులకు వెళ్లే కుర్రాడికైనా కాస్త ధైర్యం ఉంటుందేమో గానీ, స్కూళ్లు తెరిచే ముందు శనివారం బందరు కోనేరు సెంటర్లో పుస్తకాల షాపు మెట్లెక్కే మేనమామకు మాత్రం ఉండదు. హనోకు గూడూరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాడు. టూ రూల్డ్‌కూ ఫోర్ రూల్డ్‌కూ తేడా తెలీదు. అక్కకు హాస్పిటల్లో డ్యూటీ పడటంతో, మూడో క్లాసుకొచ్చిన మేనకోడలి పుస్తకాల పని అతని నెత్తిన పడింది.

"మూడో క్లాసుకి ఇంతా! ఈ డబ్బుల్తో నా డిగ్రీ అయిపోయింది కదండీ!" అన్నాడు బిల్లు చూసి.

"స్కూలు వాళ్లు ఏం చెబితే అదే మేం అమ్మేది," అన్నాడు షాపు ఓనరు పూర్ణచంద్రరావు. "అట్టలు కూడా వాళ్ల బొమ్మున్నవే వెయ్యాలి. ఆఖరి రోల్ ఒక్కటే మిగిలింది, తీసేసుకోండి."

హనోకు ఆ రోల్ ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది. ఆ వేళ్ల చివర్లకు ఎర్రటి అద్దకం రంగు. తలెత్తితే రెండు కోపం కళ్లు.

"వదలండి. ముందొచ్చింది నేను."

"ముందు పట్టుకుంది నేనండీ."

"అసలు అట్ట వెయ్యడం వచ్చా మీకు?"

"అందులో ఏముందండీ, చుట్టేస్తే సరి."

"చుట్టడానికి అదేమన్నా పునుగుల పొట్లమా?"

షాపంతా నవ్వింది. పూర్ణచంద్రరావు కత్తెర తీసి రోల్‌ను సగానికి కోసి గొడవ తీర్చాడు. ఇద్దరూ మూతులు ముడుచుకుని, గల్లా మీద ఒకే రకం కాగితంలో ఒకే రకం పురికొసతో కట్టిన రెండు కట్టల్లో చెరొకటీ తీసుకుని బయటపడ్డారు. గుమ్మం దగ్గర ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. హనోకుకు కోపం అక్కడే పోయింది. కట్ట మాత్రం మారిపోయింది.

ఎవరైనా ఇంటికెళ్లగానే కట్ట విప్పి చూసుకుంటారు. ఈ రెండిళ్లలో అలా కుదరదు.

హనోకు వాళ్లమ్మ రాజకుమారి, పాస్టరు గారు ప్రార్థన చేయనిదే కొత్త పుస్తకాల కట్ట విప్పనివ్వదు. ఆదివారం ఉదయం ఆ కట్ట మిగతా పిల్లల కట్టలతో పాటు చర్చిలో వేదిక ముందుంది. అదే ఉదయం పెడనలో, కలంకారీ అద్దకం చేసే నాగేశ్వరరావు ఇంట్లో, ఆయన తల్లి సుబ్బమ్మ తలస్నానం చేసి మునిమనవరాలి పుస్తకాలన్నిటికీ నాలుగు మూలలా పసుపు పెట్టింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. రెండో క్లాసైనా మూడో క్లాసైనా ఆవిడకు సరస్వతే.

సాయంత్రం హనోకు ఫోన్ మోగింది.

"హలో, పునుగుల పొట్లం గారా?"

"ఎవరండీ?"

"పెడన నుంచి నాగలక్ష్మిని. మీ నంబరు షాపాయన ఇచ్చారు. మీ మూడో క్లాసు మా ఇంట్లో ఉంది. మా మేనకోడలి రెండో క్లాసు?"

"మా మంచం మీదుందండీ. ఇప్పుడే రెండింటికి అట్ట వేశాను."

"అయ్యో, ఇంక ముట్టుకోకండి!" అని నవ్వి, ఆమె గొంతు తగ్గించింది. "ఒక మాటండీ. మా నాయనమ్మ మీ పుస్తకాలకి పసుపు పెట్టేసింది. మీ ఇంట్లో ఏమన్నా అనుకుంటారేమో."

హనోకు హాల్లో బైబిలు చదువుకుంటున్న తల్లి వైపు చూశాడు. "మీవాటికి ప్రార్థన అయిపోయింది. మీ ఇంట్లోనో?"

తెల్లారితే స్కూలు. షాపులో ఇంకో సెట్టు లేదు.

వానలో బండి మీద పెడన చేరేసరికి రెయిన్‌కోటు పుస్తకాలకుంది, తడి హనోకుకుంది. అరుగు మీద చిన్నపిల్ల లోపలికి కేకేసింది.

"అత్తా, ఈ మావయ్యెవరు?"

మా వైపు దారిన పోయేవాణ్ణి కూడా మావయ్య అనే పిలుస్తారు. అయినా అత్త పక్కన ఆ మాట పడేసరికి ఇద్దరూ వాన వైపు చూశారు.

"ప్రార్థన చేశారా? ఏమని?" అంది సుబ్బమ్మ సంగతి విని.

"పిల్లలకు జ్ఞానం ఇమ్మనండీ, మామ్మగారూ."

"నేనడిగిందీ అదేగా. ఇద్దరం అడిగాం, ఎవరో ఒకరు వినకపోతారా! నాగలక్ష్మీ, అబ్బాయికి తువ్వాలు ఇయ్యవే."

నాగలక్ష్మి అతను వేసిన అట్టలు ఊడదీసి మళ్లీ వేసింది. మడత మీద ఆ ఎర్రటి వేళ్లు నడుస్తుంటే చూస్తూ కూర్చున్న హనోకుకు, వాన ఆగకపోతే బాగుండుననిపించింది.

ఇంట్లో రాజకుమారి పసుపు మూలలు చూసి ఏమీ అనలేదు. అతను రబ్బరు తీస్తే మాత్రం, "రుద్దకు, చిరుగుతాయి" అంది. ఆ మౌనం హనోకును ఏడాది పాటు భయపెట్టింది. పుస్తకం మూలన పసుపుకే మాట్లాడని అమ్మ, ఆ పసుపింటి పిల్లను కోడలిగా ఒప్పుకుంటుందా? నాగలక్ష్మిని వదులుకోలేడు. అమ్మను బాధపెట్టలేడు.

ఆ ఏడాదంతా మేనకోడలి అట్టలు చిరుగుతూనే ఉన్నాయి. వేయించుకు రావడానికి హనోకు పెడన వెళ్తూనే ఉన్నాడు.

మళ్లీ జూన్ వచ్చింది. ఈసారి ఇద్దరూ కలిసే కొన్నారు. హనోకు ఇంటికి తెచ్చిన నాలుగో క్లాసు కట్టను రాజకుమారి బల్ల మీద పెట్టింది.

"ఒక్కటే తెచ్చావేంరా? పెడన పాప కట్ట కూడా తేకపోయావా? రేపు రెండూ కలిపి ప్రార్థనలో పెడదాం."

"అమ్మా?"

"అట్టలు నువ్వే చింపుతున్నావని నీ మేనకోడలు ఎప్పుడో చెప్పింది నాకు. పోయినేడాది ఆ పసుపు చూసి బాధపడ్డ మాట నిజం. కానీ చూస్తూ చూస్తూ అలవాటైంది. ఆ అమ్మాయిని మతం మారమని నేనడగను, నిన్ను మారమని వాళ్లూ అడగకూడదు. ఆ మాట ముందే మాట్లాడుకో."

హనోకు బండి తీసేసరికి చినుకులు మొదలయ్యాయి. ఈసారి రెయిన్‌కోటు సంగతే గుర్తు లేదు.

పెడనలో సుబ్బమ్మకు చూపు ఆనక, నాగలక్ష్మే పుస్తకాలకు పసుపు పెడుతోంది. అమ్మ అన్నదంతా అతను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

"మా నాయనమ్మ ఆ మాట నాన్నతో నిన్ననే అంది," అంది ఆమె తలెత్తకుండా. "నాన్న కూడా సరే అన్నారు. ఇంకా ఏమైనా చెప్పాలా మీరు?"

"చెప్పాలి కాదు, అడగాలి. రేపు మన పిల్లల పుస్తకాలకి ముందు పసుపా, ముందు ప్రార్థనా?"

పసుపు వేలు ఆగిపోయింది. లోపల సుబ్బమ్మ దగ్గింది.

"ముందు మీరు అట్ట వెయ్యడం నేర్చుకోండి," అంది నాగలక్ష్మి. అని, తడిసిన అతని చొక్కా జేబు మూలన పసుపు పెట్టింది.